డాక్టర్ – మామూలే

మీరే చేశారు. ఇంకెవరి మీదికో నెట్టకండి. చల్లటి గదిలో గాజు బల్ల చుట్టూ కూర్చుని, బిస్కట్లు టీలో ముంచుకుంటూ, ఈ వారం ఎవర్ని చంపుదాం అని వేళ్లు మడుచుకునే మీరే. కథలు రాసేవాళ్లు, రాయించేవాళ్లు, ఆ రాసిందీ చాలదు ఇంకో చావు పెట్టమని ఫోన్లు చేసేవాళ్లు, అందరూ. ఇరవై ఎనిమిదేళ్లలో ఆరువందల పైచిలుకు మనుషుల్ని చంపారు. చంపి చేతులు దులుపుకున్నారు. ఆ కబురు చెప్పడానికి మాత్రం ఆరువందల సార్లూ ఒకే మనిషిని పంపారు. పాపం మీది, మొహం అతనిది.

ఆ మనిషి ఏమయ్యాడో మీకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. కాబట్టి కూర్చోండి, చెప్తాను.

అతన్ని అందరూ సారీ డాక్టరు అంటారు. మీరూ చూసే ఉంటారు. ఏ సీరియల్ అయినా సరే, ఆసుపత్రి సీను వస్తుంది. తల్లి గోడకు ఆనుకుని ఏడుస్తుంటుంది. తలుపు మీద ఎర్ర లైటు ఆరుతుంది. తెల్లకోటు వేసుకున్న పెద్దమనిషి బయటికి వస్తాడు. నెమ్మదిగా కళ్లద్దాలు తీస్తాడు. అంతే, ఇంటింటా చూసేవాళ్లు ముక్కులు ఎగబీల్చడం మొదలుపెడతారు. "మా ప్రయత్నం మేం చేశాం. సారీ." అతను ఆ మాట అనేలోపే సగం మంది చీరకొంగులు తడిసిపోతాయి.

అతను ఈ పనిలోకి వచ్చిన తీరు చెప్తే నవ్వుతారు. నవ్వండి, అతని అక్క కూడా నవ్వింది. స్టూడియో గేటు ఎదురుగా ఉన్న మందుల షాపులో చీటీ చూసి మందులు తీసిచ్చే పని అతనిది. ఒక రోజు డైరెక్టరుకు తలనొప్పి వచ్చింది. మాత్రలు పట్టుకుని షూటింగ్ జరిగే ఫ్లోర్‌లోకి వెళ్లాడు. ఆ రోజు డాక్టరు వేషం వెయ్యాల్సిన ఆర్టిస్టు రాలేదు. డైరెక్టరు మాత్ర మింగుతూనే ఇతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"కళ్లద్దాలున్నాయిగా, చాలు. కోటు తొడగండయ్యా" అన్నాడు.

మొహానికి ఎవరో దోసెడు పౌడరు కొట్టారు. సరిగ్గా మాట చెప్పాల్సిన సమయానికి ఆ పౌడరు కళ్లలో పడి మండింది. కళ్లద్దాలు తీశాడు. కన్ను నలుపుకున్నాడు. గొంతు వణికింది. చెప్పమన్న మాట చెప్పేశాడు. పైన లైటు దగ్గర కూర్చున్నవాడు ముక్కు చీదాడు. డైరెక్టరు తలనొప్పి ఎటు పోయిందో పోయింది.

ఇంటికొచ్చి చెప్తే అక్క కుట్టుమిషను ఆపి పడీపడీ నవ్వింది. "పౌడరు పడితే నటుడివయ్యావు. కారం పడి ఉంటే హీరోవే అయిపోయేవాడివిరా!"

అలా మొదలైంది. అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత నలభై మూడు సీరియళ్లలో చేశాడు, ఒక్కదానిలోనూ ఇంకో వేషం ఇవ్వలేదు. తండ్రి వేషం అడిగాడు, గుమాస్తా వేషం అడిగాడు, ఆఖరికి దొంగ వేషమైనా వేస్తానన్నాడు. ఒకసారి ఎవరో జాలిపడి పెళ్లికూతురి బాబాయి వేషం ఇచ్చారు. చిరునవ్వుతో గుమ్మంలోంచి లోపలికి రావాలి, అంతే పని. ఆ ఎపిసోడ్ వచ్చిన రోజు ఛానెల్‌కి ఫోన్లే ఫోన్లు. ఆ ఇంట్లో ఎవరు పోతారు? పెళ్లికొడుకా, ముసలావిడా? మర్నాటికల్లా బాబాయిని కథలోంచి తీసేశారు. ఎక్కడికి పోయాడని ఒక్కరూ అడగలేదు.

బతికించే డాక్టరు వేరే ఉంటాడు. అతను కుర్రవాడు, జుట్టు నిగనిగలాడుతుంటుంది, చేతిలో స్టెతస్కోపు ఊపుకుంటూ వస్తాడు. "ప్రమాదం లేదు" అని అతను అంటే హీరోయిన్ కళ్లెత్తి చూస్తుంది. ఆ కుర్రవాడు నాలుగేళ్లలో హీరో అయిపోతాడు, ఇంకో కుర్రవాడు వస్తాడు. మంచి కబురు చెప్పేవాళ్లు మారుతూ ఉంటారు, చెడు కబురు చెప్పేవాడు మాత్రం మారడు.

ఆ ఫ్లోర్‌లో అందరికీ డైలాగులు పొద్దున్నే కాగితాల మీద వస్తాయి. అవి కంఠస్థం చేసే తీరిక ఎవరికీ ఉండదు. కెమెరా వెనకాల నిలబడి ఒకడు కాగితం చదువుతుంటాడు, ఆర్టిస్టు వెంటనే అదే మాట ఏడుస్తూనో అరుస్తూనో అంటాడు. దాన్నే ప్రాంప్టింగ్ అంటారు. ఇతని మాట మాత్రం చదవరు. అసలు కాగితం మీద రాయరు. రాసేవాడు అందరి మాటలూ రాసుకుంటూ వచ్చి ఇతని దగ్గర రెండు ముక్కలు గీకి ఊరుకుంటాడు: "డాక్టర్ – మామూలే." ఇరవై ఎనిమిదేళ్లు! ఒక మనిషి నోట్లోంచి వచ్చే మాటను రాయడానికి మీ కలాలు బరువైపోయాయి.

ఆ ఆసుపత్రి సెట్టు ముప్ఫై అడుగుల వసారా. ప్లైవుడ్డు గోడలకు లేత ఆకుపచ్చ రంగు. ఏడు తలుపులుంటాయి, వాటిలో ఒక్కటే తెరుచుకుంటుంది. మిగతా ఆరూ బొమ్మలు, గడియ కూడా పెయింటే. తెరుచుకునే ఆ తలుపు వెనకాల ఆపరేషన్ గది ఉండదు, విరిగిన కుర్చీలు, చుట్ట చుట్టిన తివాచీ, ఒక టీ ఫ్లాస్కు ఉంటాయి. కిటికీ అవతల సూర్యుడు ట్యూబులైటు. గోడ గడియారంలో ముళ్లు చేత్తో తిప్పినప్పుడే తిరుగుతాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా అతను ఆ ఫ్లాస్కు పక్కన నిలబడి, ఎర్ర లైటు ఆరగానే తలుపు తోసుకుని, లోపల ఎవరూ లేని గదిలోంచి ఎవరో పోయిన కబురు మోసుకుని వస్తున్నాడు.

లైట్లు మార్చడానికి గంట పడుతుంది. ఆ గంటా అతను పేషెంటు మంచం మీదే నడుం వాలుస్తాడు. కళ్లు మూతపడగానే గోడలు మెత్తబడతాయి. బొమ్మ తలుపులు ఆరూ ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. లోపలినుంచి వాళ్లొస్తారు. మెట్ల మీంచి పడ్డ కోడలు, విషం కలిసిన పాలు తాగిన తాత, కారు గుద్దిన కవలల్లో ఒకడు, జబ్బేమిటో తెలియకుండానే దగ్గుతూ దగ్గుతూ పోయిన టీచరమ్మ. ఎవరి మొహంలోనూ కోపం ఉండదు. నీళ్లలో నడిచినట్టు మెల్లగా వచ్చి మంచం చుట్టూ నిలబడతారు. టీచరమ్మే ఎప్పుడూ ముందు అడుగుతుంది.

"డాక్టరు గారూ, ఇంతకీ నాకేం జబ్బండీ?"

అతనికి తెలియదు. కాగితంలో రాయలేదు. తెలియదని చెప్పబోతాడు, నోరు తెరిస్తే మాట రాదు, చెయ్యి దానంతటది కళ్లద్దాల మీదికి పోతుంది. వాళ్లు తలలూపుతారు. అర్థమైంది లెండి అన్నట్టు చూసి, వచ్చిన తలుపుల్లోంచే వెళ్లిపోతారు. తలుపులు మళ్లీ పెయింటు అయిపోతాయి. "డాక్టరు గారూ, షాటు రెడీ" అని ఎవరో భుజం తడతారు.

మెలకువలో బతుకూ అంతకన్నా వేరుగా లేదు. బస్సు ఎక్కితే పక్క సీటాయన లేచి నిలబడతాడు. కూరగాయలమ్మి తూకం వేస్తూ "మా ఆయనకి దగ్గు తగ్గట్లేదు, మీరేమీ అనకండి బాబూ" అని ఒక వంకాయ ఎక్కువ వేస్తుంది. వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా అతనికి కబురు చివరన అందుతుంది, పిల్ల నడిచే వయసుకు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోట్లో ఒక్క చెడ్డమాట లేదు, అయినా ఊరు తప్పుకుని తిరుగుతుంది.

అక్క ఒక్కతే తప్పుకోలేదు. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. మెడలో టేపు వేసుకుని కిటికీ పక్కన మిషను ముందు నలభై ఏళ్లు కూర్చుంది. స్టూడియో కోటు భుజాల దగ్గర వేలాడుతోందని అతనికి తెల్లకోట్లు తనే కుట్టింది. సీరియల్లో అతను కనబడగానే మిషను ఆపేది. తమ్ముడు కళ్లద్దాలు తీస్తే "అదిగో, తీశాడు! పోయింది పిల్ల!" అని చప్పట్లు కొట్టేది. ఆవిడ కూతురు "అమ్మా, ఊరుకో" అని చెవులు మూసుకునేది.

ఆ అక్క కడుపులో గడ్డ ఉందన్నారు. తీసెయ్యాలన్నారు. ఏం గడ్డో తీశాక గానీ తెలియదన్నారు.

ముందురోజు మధ్యాహ్నం అతను వెళ్లేసరికి అక్క ఆసుపత్రికి పట్టుకెళ్లే సంచీ సర్దుకుంటోంది.

"రేపు కోతరా" అంది.

"కోత ఏంటక్కా, ఆపరేషన్ అను."

"బట్టయినా పొట్టయినా కోతే కదరా. ఇన్నేళ్లు నేను కోశాను, ఒక్కరోజు నన్ను కొయ్యనీ."

అతను నవ్వలేదు. అక్క టేపు మెడలోంచి తీసి వేళ్లకు చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది.

"ఒరేయ్, ఒక్క మాట. నేను కళ్లు తెరిచేసరికి ఎదురుగా నువ్వుండాలి. బాగయిందక్కా అని నీ నోటితో నువ్వు చెప్పాలి."

"డాక్టర్లు చెప్తారుగా అక్కా."

"వాళ్లెవరో నాకేం తెలుసు? వాళ్లు అందరికీ బాగుందనే అంటారు. ఆరొందల మందికి చెప్పావు నువ్వు, ఒక్కటైనా అబద్ధమైందా? నువ్వు చెప్తే నమ్ముతాను. నువ్వొచ్చి నోరు మెదపకుండా నిలబడ్డావనుకో, నేను పోయాననే అనుకుంటా. లేచి కూడా చచ్చిపోతాను."

"అదేం మాటక్కా!"

"నవ్వులాటకి అనట్లేదురా. నాకు భయంగా ఉంది."

అతను చెప్తానన్నాడు. అంతకన్నా తేలికైన మాట లోకంలో ఏముంది? చెప్తానన్నాడు.

గుమ్మం దాటుతుంటే మేనకోడలు వెనకాలే వచ్చింది. బ్యాంకులో పనిచేసే పిల్ల, అన్నీ తిన్నగా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం చెప్పు కొనతో నేల గీస్తూ నిలబడింది.

"మావయ్యా, తప్పుగా అనుకోకు. అమ్మ అలాగే అంటుంది. నువ్వు రాకపోతేనే మంచిదేమో."

"కోటు వేసుకుని రానులేమ్మా."

"కోటు కాదు మావయ్యా." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మొహం. ఆ వసారాలో నువ్వు ఎదురొస్తుంటే నా గుండె ఆగిపోతుంది. చిన్నప్పట్నుంచీ నిన్ను చూస్తూనే పెరిగానుగా."

చూశారా మీరు పెట్టిన చిచ్చు? ఎత్తుకుని తిప్పిన మేనమామను రావద్దనే దాకా తెచ్చారు.

మర్నాడు షూటింగుంది. తొంభై ఎపిసోడ్లుగా స్పృహలేకుండా పడుకున్న అమ్మాయి కథలో ఆ రోజు పోవాలి. పొద్దున తల్లి ఏడుపు తీశారు. డాక్టరు షాటు మధ్యాహ్నం తీస్తామన్నారు. పదకొండింటికి అతను ఎవరికీ చెప్పకుండా బయటపడి బస్సెక్కాడు. ఆసుపత్రి మూడు స్టాపుల దూరం. దిగి మెట్లెక్కుతుంటే మనసంతా అక్క దగ్గరే ఉంది. మొహాన మేకప్పుందనీ, ఒంటి మీద తెల్లకోటుందనీ అతనికి గుర్తే లేదు. కోటు ఒంటి చర్మమైపోయి ఎన్నేళ్లయిందో.

పైఅంతస్తు వసారా. లేత ఆకుపచ్చ గోడలు. ఎడమవైపు నాలుగు తలుపులు, కుడివైపు మూడు. అతని కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. ఈ నడక అతనికి తెలుసు. కానీ ఇక్కడ బొమ్మ తలుపులు తెరుచుకుంటున్నాయి! ఒకదాన్లోంచి తోపుడు బండి వచ్చింది, ఇంకోదాన్లోంచి అన్నం వాసన వచ్చింది, మూడోదాన్లో ఎవరో తుమ్మారు. గోడ గడియారంలో ముల్లు ఎవరూ ముట్టుకోకుండానే కదులుతోంది. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము తేలుతోంది, ఆ ఎండ చేతి మీద పడితే వెచ్చగా ఉంది. ఇంత బాగా ఎవరు వేశారీ సెట్టు అనుకున్నాడు. టీచరమ్మ ఏ తలుపులోంచి వస్తుందా అని చూశాడు కూడా.

ఎండలో వచ్చి మెట్లెక్కాడు కదా, చెమటకు కళ్లద్దాలు మసకబారాయి. ఏమీ కనబడలేదు. ఆగాడు. కళ్లద్దాలు తీశాడు.

ఎదురుగా బల్ల మీద ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్న ఒకావిడ లేచి నిలబడింది. సంచీ జారి బత్తాయిలు నేలంతా దొర్లాయి.

"అయ్యో నా కొడుకో!"

పక్కనున్న భర్త తల పట్టుకున్నాడు. "వచ్చేశాడే, సారీ డాక్టరు వచ్చేశాడే! అయిపోయిందే మనవాడి పని!"

అటు బల్ల వాళ్లు లేచారు. ఇటు బల్ల వాళ్లు లేచారు. ఎవరి గుండె వాళ్లు పట్టుకున్నారు. ఒక ముసలాయన "మా దానికి కాదు గదా బాబూ, మాది ఇంకా కాలేదు కదా" అని చేతులు జోడించాడు. అంతలో మూల తలుపు తెరుచుకుని ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న అమ్మాయి బయటికి వచ్చింది. అసలు డాక్టరు ఆ అమ్మాయే. నుదుటి మీద వెంట్రుకలు చెమటకు అతుక్కుపోయి ఉన్నాయి.

"ఏడవకండమ్మా, ఎందుకేడుస్తున్నారు? మీవాడు బాగున్నాడు. ఆపరేషన్ అయిపోయింది."

కొడుకు తల్లి ఆ అమ్మాయిని పక్కకు నెట్టేసింది. "నువ్వుండమ్మా. చిన్నదానివి, నీకేం తెలుస్తుంది? పెద్ద డాక్టరుగారు వచ్చారుగా, ఆయన చెప్పనీ." అతని కోటు రెండు చేతులా పట్టుకుంది. "చెప్పండి బాబూ. మీరు చెప్తేనే నమ్ముతాను. నా కొడుకు ఉన్నాడా?"

వసారా అంతా అతని నోటివంక చూసింది.

చెప్పాలి. బాగున్నాడమ్మా అనాలి. ఒకే ఒక్క మాట. ఊపిరి తీసుకున్నాడు, నోరు తెరిచాడు. గానుగెద్దు కళ్లకు గంతలు కట్టినా తిరిగిన చోటే తిరుగుతుంది. నాలుక దాని దారి అది పట్టుకుంది. గొంతు దిగింది. తల పక్కకు వాలింది.

"మా ప్రయత్నం మేం చేశాం..."

ఆవిడ కూలబడిపోయింది. అతను ఆ మాట నోట్లోకి తిరిగి లాక్కోవాలన్నట్టు చేత్తో నోరు మూసుకున్నాడు.

"ఎవరండీ మీరు?" అంది డాక్టరమ్మాయి. "ఈ కోటేంటి? ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?"

ఎవరు చెప్పమన్నారు! ఆ అమ్మాయికి జవాబు మీరివ్వండి. అతని దగ్గర లేదు.

నర్సులు ఆవిడను లేపి రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, ముక్కు తుడుచుకుంటోంది. తిన్నగా అతని ముందుకే వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"వేలు కదిపాడు బాబూ, నన్ను చూసి వేలు కదిపాడు. మీరలా అన్నారేంటి? నా బిడ్డకి ఒక్క మంచిమాట మీ నోట్లో లేకపోయిందా?"

మేనకోడలు వచ్చి అతని చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్లింది. కోప్పడలేదు. ఆ పిల్ల చెయ్యి చల్లగా ఉంది.

"మావయ్యా, అమ్మది అయిపోయింది. గడ్డ తీసేశారు. భయపడాల్సింది కాదన్నారు, మామూలు గడ్డే. అయిదింటికి మెలకువ వస్తుందట." ఆగింది. "మత్తిచ్చేముందు కూడా నిన్నే అడిగింది. తమ్ముడొస్తాడుగా, తమ్ముడు చెప్తాడుగా అని. నేను వస్తాడన్నాను. చెప్పగలవా మావయ్యా?"

"చెప్తానమ్మా."

"ఏదీ, ఒక్కసారి నాకు చెప్పు."

మెట్ల మలుపులో నిలబడి చెప్పాడు. "బాగయిందక్కా." మేనకోడలు మొహం పాలిపోయింది. మళ్లీ చెప్పాడు. చెయ్యి కళ్లద్దాల మీదికి లేస్తోంది, రెండో చేత్తో దాన్ని పట్టుకుని చెప్పాడు. మాట మంచిదే, గొంతు మాత్రం అదే పాత గొంతు. నీళ్లగదిలోకి వెళ్లి అద్దంలో చూస్తూ చెప్పాడు. అద్దంలో ఉన్నాయన ఎంతో జాలిగా తలవంచి "బాగయిందక్కా" అన్నాడు. వింటే ఎవరైనా అక్క పోయిందనే అనుకుంటారు. పళ్లు బయటపెట్టి నవ్వి చూశాడు, అది ఇంకా భయంకరంగా ఉంది. కుళాయి విప్పి మొహం కడిగాడు. పౌడరంతా పోయింది. మొహం పోలేదు.

తిరిగి ఫ్లోర్‌కి వచ్చేసరికి రెండు దాటింది. బస్సులో ఎలా కూర్చున్నాడో, గేటు ఎలా దాటాడో తెలియదు. నిద్రలో నడిచినట్టే వచ్చి మేకప్ కుర్చీలో కూర్చున్నాడు. మేకప్ మనిషి అతనితోపాటే ముసలివాడయ్యాడు, మాటకు మొహమాటం లేదు.

"మొహం మార్చగలవా అన్నా?"

"ఏం మార్చాలి?"

"చూడగానే మనిషికి ధైర్యం రావాలి."

మేకప్ మనిషి స్పాంజి కింద పెట్టేశాడు. "నేను పూసింది తుడవగలను తమ్ముడూ. వాళ్లు పూసింది నాకు చేత కాదు" అన్నాడు.

షాటు పెట్టారు. స్పృహలేని అమ్మాయి వసారా చివర పేషెంటు మంచం మీద పడుకుంది. తల్లి వేషం ఆవిడ గోడకు ఆనుకుంది. మానిటర్ ముందు ఛానెల్ మేడం కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఎర్ర లైటు ఆరింది. అతను ఫ్లాస్కు పక్కనుంచి కదిలి తలుపు తోసుకుని వచ్చాడు. నిలబడ్డాడు. చెయ్యి కోటు జేబులో దాచుకున్నాడు. నోరు తెరవలేదు.

"కట్. డాక్టరు గారూ, కళ్లద్దాలు!"

మళ్లీ వచ్చాడు. మళ్లీ అంతే. మూడోసారీ అంతే.

డైరెక్టరు మైకు పక్కన పెట్టాడు. "ఏమైందండీ? పొద్దున్నించీ అందరూ కొత్తవాళ్లే, మీరొక్కరైనా గబుక్కున కానిస్తారనుకున్నా. ఏంటి, ప్రాంప్టింగ్ కావాలా?"

ఫ్లోరంతా నవ్వింది.

"కావాలి" అన్నాడతను.

నవ్వు ఆగింది.

"ఆ అమ్మాయి బతికిందని చెప్పాలి నేను."

"అదెలా కుదురుతుందండీ!" ఛానెల్ మేడం ఫోనులోంచి తలెత్తింది. "రేపటి ప్రోమో వెళ్లిపోయింది. ఆ పిల్ల పోతేనే చెల్లెలి కథ మొదలవుతుంది. మీరేంటి సార్ ఇవాళ?"

మంచం మీది అమ్మాయి ఒక కన్ను తెరిచింది. "నేను బతికినా నాకేం అభ్యంతరం లేదు మేడం" అంది. పైన లైటు దగ్గరున్నవాడు కిసుక్కున నవ్వాడు.

అతను నవ్వలేదు. పెద్దగా మాట్లాడటం అతనికి అలవాటు లేదు. ఆ రోజు ఆ ప్లైవుడ్డు గోడలు అదిరాయి.

"మీ ప్రోమో మీరు వేసుకోండి. ఈ ముక్క మీరు టీవీలో వెయ్యకపోయినా పర్లేదు, నాకు కావలసింది టీవీ కాదు. అయిదింటికి మా అక్క కళ్లు తెరుస్తుంది. నా నోటితో మంచిమాట వింటే గానీ బతికానని నమ్మదు. ఇప్పుడు మూడున్నర. పొద్దున ఒక తల్లి నా కోటు పట్టుకుని అడిగింది, ఉన్న కొడుకుని పోయాడన్నాను నేను. ఇది నేను పుట్టుకతో తెచ్చుకున్న నోరు కాదు. మీరు చేసిన నోరు. టేకు మీద టేకు తీసి మీరే నేర్పారు, టేకు మీద టేకు తీసి మీరే మాన్పించాలి. ఎవరూ ఇంటికి పోవద్దు. లైట్లు ఉంచండి. మంచం మీది అమ్మాయీ, నువ్వు కళ్లు తెరిచి నన్నే చూడు, నేను సరిగా చెప్పేదాకా మూయకు. తల్లి వేషం అమ్మగారూ, మీరు గోడ వదిలి ముందుకు రండి. డైరెక్టరు గారూ, మాట రాయండి. బతికింది, బాగుంది అని పెద్ద అక్షరాలతో రాయించి గట్టిగా చదివించండి, వెనకాలే నేనంటాను. గొంతు దిగితే ఆపండి, తల వాలితే తిట్టండి, చెయ్యి లేస్తే పట్టుకోండి. పదిసార్లు కాకపోతే యాభైసార్లు తియ్యండి. నిలబడతారేంటి? కెమెరా తిప్పండి!"